నాలుగు హెల్మెట్లు

ఆగస్టులో మా జట్టు మొత్తం మందబుద్ధులని తేలింది. తొంభై రెండు మంది కుర్రాళ్ళు వంతులవారీగా కంప్యూటర్ల ముందు కూర్చుని పరీక్ష రాశారు. తెర మీద కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు కనిపించి మాయమవుతాయి. కాసేపయ్యాక ఏవేవి చూశావో చెప్పమంటుంది. సీజన్ మొదలవకముందు ఎవడి బుర్ర ఎలా పనిచేస్తోందో రాసిపెట్టుకోవడానికి ఇది. తర్వాత ఎవడికైనా తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్ళీ పెట్టి, ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తాం. తగ్గితే ఆట లేదు, తగ్గకపోతే ఉంది.

ఆ పరీక్ష పెట్టేదాన్ని నేనే. ఇరవై రెండేళ్ళుగా మిన్నెసోటాలోని ఈ కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ మడమలకు పట్టీలు చుడుతూ, మోకాళ్ళ మీద ఐసు పెడుతూ, వాళ్ళ అబద్ధాలు వింటూ బతుకుతున్నాను. నేను డాక్టర్ని కాను. అసలు డాక్టర్ వారానికోసారి వచ్చి, నేను చూపించిన కాగితాలు చూసి పోతాడు. అయినా పిల్లలు డాక్టరమ్మా అని పిలిచేది నన్నే.

ఆ మార్కులు తిరగేస్తూ ఎమెట్ సోర్లీ పేరు దగ్గర ఆగిపోయాను. ఎమెట్ మా కెప్టెన్. ఆఖరి సంవత్సరం, గణితం చదువుతున్నాడు. ఎవరైనా పుట్టినరోజు చెబితే, అది ఏ వారం పడిందో చిటికెలో చెప్పేవాడు. మొదటి సంవత్సరం నా దగ్గర పట్టీ కట్టించుకుంటూ నన్నూ అడిగాడు. మార్చి తొమ్మిది, పంతొమ్మిది వందల అరవై ఎనిమిది అన్నాను. నేను నోరు మూసేలోపే శనివారం అన్నాడు. మా అమ్మకు ఫోన్ చేస్తే నిజమే. బేకరీలో శనివారం రద్దీని అలాగే వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తిందట. అప్పట్నుంచీ కొత్త కుర్రాళ్ళు రాగానే వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి తేదీలు అడగడం మా గదిలో ఆనవాయితీ అయింది. అలాంటివాడికి ఆ రోజు జ్ఞాపకశక్తిలో మూడో తరగతి పిల్లాడి మార్కులు వచ్చాయి.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"రాత్రి నిద్ర పట్టలేదు డాక్టరమ్మా."

"తొంభై రెండు మందికీ పట్టలేదా?"

"హాస్టల్లో ఏసీ లేదుగా," అని నవ్వాడు.

వాడేం చేశాడో నాకు తెలుసు. కావాలని తక్కువ మార్కులు తెచ్చుకుంటే, రేపు దెబ్బ తగిలినా తేడా కనపడదు. ఈ విద్య వాడే మిగతావాళ్ళకు నేర్పి ఉంటాడు. అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టాలంటే నాలుగు రోజులు పడుతుంది. మొదటి ఆటకు పదకొండు రోజులే ఉంది, నా చేతినిండా పని ఉంది. కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ పెట్టిన మాట నిజం.

ఇక మా సీజన్ సంగతి. మొదటి ఆట నలభై పాయింట్ల తేడాతో గెలిచాం. రెండో వారం, అప్పటిదాకా ఎవరినీ ఓడించని జట్టొకటి మా మైదానానికే వచ్చి మమ్మల్ని చితక్కొట్టి పోయింది. పోయినేడాది లీగ్ గెలిచినవాళ్ళను ఒక్క పాయింటుతో ఓడించి ఊరేగాం, మరుసటి వారమే మట్టి కరిచాం. ఎందుకు గెలుస్తున్నామో తెలియదు, ఎందుకు ఓడుతున్నామో అంతకన్నా తెలియదు. ఊళ్ళో కాఫీ కొట్టుకు వెళితే ముసలాళ్ళు, "ఏమ్మా, ఈ వారం వచ్చేది మన జట్టేనా, లేక వాళ్ళ కవల తమ్ముళ్ళా?" అనేవారు. కోచ్ డేల్ హోవ్‌లండ్ ఆ కాఫీ కొట్టుకు వెళ్ళడమే మానేశాడు.

మధ్యలో ముగ్గురికి తలకు దెబ్బలు తగిలాయి. పరీక్ష పెట్టాను. మార్కులు ఆగస్టులో వచ్చినంతే వచ్చాయి. ఆడుకోండని పంపించేశాను.

తొమ్మిదో ఆటలో ఎమెట్ వంతు వచ్చింది. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పట్టి పడేయడం వాడి పని. ఒక భారీ మనిషి తుంటికి వాడి తల కొట్టుకుంది. లేచాడు, నడిచాడు, బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "ఎంత స్కోరు?" అన్నాడు. చెప్పాను. నిమిషం తర్వాత మళ్ళీ, "ఎంత స్కోరు?" అన్నాడు. వాడి హెల్మెట్ తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను. నా పని చేసేవాళ్ళందరం చేసేది అదే. ఆడొద్దని నోటితో చెబితే ఈ పిల్లలు వినరు, మనం అటు తిరగ్గానే మైదానంలోకి దూకేస్తారు. హెల్మెట్ లేకపోతే ఎక్కడికీ పోలేరు.

ఆ ఆట ఓడిపోయాం. ఐదు గెలుపులు, నాలుగు ఓటములు. మిగిలింది ఒక్క ఆట, అదీ నది అవతలి కాలేజీతో. ఆ ఆటలో గెలిచినవాళ్ళు కప్పుకు బదులు ఏడాదిపాటు తమ దగ్గర ఉంచుకునేది ఒక సొట్టల పాలక్యాను. అందులో ఎవరూ పాలు పోసి అరవై ఏళ్ళయి ఉంటుంది. కానీ గెలిస్తే ఓటములకన్నా గెలుపులు ఎక్కువున్న సీజన్ అవుతుంది, పదకొండేళ్ళలో మొదటిసారి. ఓడితే డేల్ వచ్చే ఏడాది ఉండడని ఊరంతా అనుకుంటున్నారు.

బుధవారం ఎమెట్‌కు పరీక్ష పెట్టాను. ఆగస్టులో ఎంత వచ్చిందో సరిగ్గా అంతే వచ్చింది. తలనొప్పి లేదన్నాడు. డాక్టర్ కాగితం చూసి, "అంతా బాగానే ఉంది, నీ సంతకం పెడితే ఆడొచ్చు," అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. శుక్రవారం పొద్దున వాణ్ణి పిలిపించాను. పట్టీల బల్ల మీద కూర్చున్నాడు. కిటికీ వెలుతురు కళ్ళలో పడకుండా పక్కకు జరిగాడు.

"నా పుట్టినరోజు ఏ వారంరా?"

"మీది ఎప్పుడో చెప్పాగా."

"మళ్ళీ చెప్పు. మార్చి తొమ్మిది, అరవై ఎనిమిది."

కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఇంతకుముందు ఎప్పుడూ వాడి పెదవులు కదలడం నేను చూడలేదు.

"గురువారం," అన్నాడు. నా మొహం చూసి నవ్వబోయాడు. "పొద్దున్నే లేపితే ఇలాగే ఉంటుంది డాక్టరమ్మా."

"ఆగస్టులో కావాలనే తప్పులు పెట్టావు. అవునా?"

కాసేపు చేతులు చూసుకున్నాడు. "అందరం పెట్టాం. నేనే చెప్పా. మరీ ఎక్కువ పెట్టొద్దు, డాక్టరమ్మ పట్టేస్తుందని కూడా చెప్పా." తల ఎత్తాడు. "మీరు పట్టేశారు కూడా. మరి ఊరుకున్నారేం?"

బుధవారం కాగితం తీసి వాడి ముందు పెట్టాను.

"మరి బుధవారం సరిగ్గా రాస్తే మార్కులు పెరగాలిగా? పెరగలేదేం?" అన్నాను.

"బుధవారం కూడా కావాలనే తప్పులు పెట్టాను. ఒక్కసారిగా పెరిగితే దొరికిపోతానని." తడుముకోకుండా చెప్పాడు. "నాకేం కాలేదు. ఒక్క ఆట డాక్టరమ్మా. ఇంక జన్మలో ఆడను. ఇదే ఆఖరు."

నమ్మాలనే అనిపించింది. వాడు తెలివైనవాడు, అంత ముందుచూపు ఉన్నవాడే. కానీ ఆ గురువారం నన్ను వదల్లేదు. వాణ్ణి పంపించేసి, సామాన్ల గదికి తిరిగి చేరిన వాడి హెల్మెట్ అడగడానికి డేల్ గదికి వెళ్ళాను.

డేల్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "తేదీ చెప్పలేదని కెప్టెన్ని కూర్చోబెట్టమంటావా? నన్ను అడుగు, నేనూ చెప్పలేను."

"నువ్వెప్పుడూ చెప్పలేవు డేల్. వాడు చెప్పేవాడు."

"కాగితం మీద పాసయ్యాడుగా."

"అది దొంగ కాగితం. ఆగస్టువన్నీ దొంగవే. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే సంతకం పెట్టాను."

అతను లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ పరిచయం మాది. "జోలీన్, ఈ మాట బయటికొస్తే నిన్ను ఉంచరు," అన్నాడు. బెదిరింపు కాదు, బాధపడుతూనే అన్నాడు.

"తెలుసు."

"అన్నీ దొంగవైతే, మధ్యలో నువ్వు ఆడమని పంపిన ఆ ముగ్గురి మాటేంటి? వాళ్ళ కాగితాలు మాత్రం మంచివా?"

నా నోరు మూయించడానికే అన్నాడు. కానీ అడిగింది నిజమే. ఎమెట్ గురించే ఆలోచిస్తూ ఆ ముగ్గుర్నీ మర్చిపోయాను. ఒకడు సెప్టెంబర్ నుంచీ ఆడుతూనే ఉన్నాడు, వారం వారం తల పెట్టి గుద్దుతూనే ఉన్నాడు. నేనే పంపాను.

"వాళ్ళవి కూడా ఇవ్వు," అన్నాను.

"ఏవి?"

"హెల్మెట్లు."

"నలుగురూ లేకుండా రేపు ఎవర్ని ఆడించమంటావే? నిన్నా?"

"ఎవర్నైనా ఆడించుకో. ఆ నలుగుర్ని కాదు."

డేల్ కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. సామాన్ల గది తాళాలు బల్ల మీదే ఉన్నాయి. "నేనివ్వలేదు. నువ్వే తీసుకున్నావు," అన్నాడు అటు చూస్తూనే.

"అలాగే చెప్పుకో."

ఒక్క హెల్మెట్ కోసం వెళ్ళినదాన్ని నాలుగింటితో బయటికొచ్చాను. మధ్యాహ్నం కూర్చుని కాలేజీ పెద్దలకు జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి పంపేశాను.

శనివారం ఎముకలు కొరికే చలి. మిన్నెసోటాలో నవంబర్‌ అంటే అంతే. అయినా మెట్ల నిండా జనం. నేను నాలుగు హెల్మెట్లనూ బెంచీ కింద, నా కాళ్ళ వెనక పెట్టుకుని కూర్చున్నాను. ఆ నలుగురూ కోట్లు వేసుకుని వరసగా నిలబడ్డారు, ఎవడూ నా వైపు చూడలేదు. విషయం అప్పటికే పాకిపోయింది. వెనక నుంచి ఒకడు, "వాటితో ఏం చేస్తావమ్మా, మొక్కలు పెంచుకుంటావా?" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డేల్ మాత్రం ఆ నలుగుర్ని ఆడిస్తానని ఒక్కసారి కూడా అనలేదు. అందుకు అతనికి నేను రుణపడి ఉన్నాను.

మా వాళ్ళు బాగానే ఆడారు. ఆఖరి రెండు నిమిషాల దాకా మూడు పాయింట్లు ముందే ఉన్నాం. అప్పుడు అవతలివాడొకడు బంతితో మధ్యనుంచి దూసుకొచ్చాడు. ఎమెట్ ఉండాల్సిన చోట మొదటి సంవత్సరం పిల్లాడున్నాడు, చొక్కా కొస మాత్రం చేతికి చిక్కింది. పాలక్యాను నది దాటిపోయింది. ఐదు గెలుపులు, ఐదు ఓటములు.

జనం వెళ్ళిపోయారు. డేల్ పిల్లలందరినీ లోపలికి తీసుకుపోయాడు. ఎమెట్ మాత్రం వెళ్ళలేదు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడదామనే కూర్చున్నాను. వాడు వచ్చి నా పక్కన కూర్చుని, బెంచీ కింది నుంచి తన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్న మీకు అబద్ధం చెప్పాను," అన్నాడు.

"ఏది?"

"బుధవారం పరీక్ష. కావాలని ఒక్క తప్పు కూడా పెట్టలేదు డాక్టరమ్మా. అన్నీ కరెక్టుగానే పెట్టాలని కూర్చున్నా. పెట్టాననే అనుకున్నా." ఒళ్ళోని హెల్మెట్ అటు తిప్పాడు. "మార్కులు చూస్తే ఆగస్టులో వచ్చినవే."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టాను. ఆగస్టులో నాటకమాడితే వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఇప్పుడు ప్రాణం పెట్టినా అంతకు మించి రాలేదు. ఆ నాటకం కింద సంతకం నాది.

"సోమవారం పెద్దాసుపత్రికి వెళ్దాం. నేనే తీసుకెళ్తాను," అన్నాను.

"అమ్మకు?"

"ఇద్దరం కలిసి చెబుదాం."

తల ఊపాడు. మైదానం మీద లైన్లన్నీ చెదిరిపోయి ఉన్నాయి. వాడు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"మీ పుట్టినరోజు అసలు ఏ వారం?"

"శనివారం."

"శనివారం," అన్నాడు. మళ్ళీ ఒకసారి, నెమ్మదిగా, రేపటి పాఠం బట్టీ పట్టే పిల్లాడిలా, "శనివారం" అనుకున్నాడు.