పూంగొడికి తెలుగు రాదు

ప్రతి శుక్రవారం మా మామ ఫోటో తుడవడం నా పని. తుడిచే పద్ధతి కూడా మా ఆయన పెట్టిందే. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, అద్దం మీద గీత కనపడకూడదు. మామ బతికున్నంతకాలం ఆయన కాఫీ గ్లాసులు కడిగాను, పోయాక అద్దం తుడుస్తున్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో నాకు దొరికిన ప్రమోషన్ అదొక్కటే.

మా మామ అళగిరి అంటే ఈ తమిళనాడు రాజపాళయంలో తెలియని మిల్లు కార్మికుడు లేడు. డెబ్బై ఎనిమిదిలో ఒక నూలు మిల్లు సమ్మెను గెలిపించిన మనిషి. మొదలాళి, అంటే మిల్లు యజమాని, గుట్టుగా లాకౌట్ వెయ్యాలనుకుంటే మూడు రోజుల ముందే ఈయనకు తెలిసిపోయిందట. పైఊరి కూలీలను ఎక్కించుకుని లారీలు ఏ దారిన వస్తాయో కూడా తెలిసిపోయిందట. ఎలా తెలిసిందని ఎవరడిగినా మీసం కింద నవ్వుకునేవాడు, అంతే. "మా నాయన ముక్కు అట్లాంటిది. మొదలాళి మనసులో అనుకుంటే చాలు, ఈయనకు ఈడ వాసన తగిలేది" అంటాడు మా ఆయన నందకుమార్. అంత గొప్ప ముక్కుకి వంటింట్లో పాలు మాడే వాసన మాత్రం ఏనాడూ తగల్లేదు.

ఆ నెలాఖరు ఆదివారం మిల్లు కార్మికుల సంగం ఆఫీసులో మామ ఫోటో ఆవిష్కరిస్తారని, ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారని నిర్ణయమైంది. అందులో తాత చరిత్ర రాసే పని మా కూతురు గాయత్రి మీద పడింది. "నీకేమి పని ఉండాది, రాయి" అన్నాడు తండ్రి. ప్లస్ టూ పరీక్షలు నెత్తిన పెట్టుకున్న పిల్లకి పని లేదు. బ్యాండేజ్ కంపెనీలో పొద్దస్తమానం నిలబడి గాయాలకు కట్టే గాజు గుడ్డ మడతపెట్టి వచ్చి, వచ్చీ రాగానే పొయ్యి వెలిగించే నాకూ పని లేదు. "గుడ్డ మడిచేది ఒక పనా?" అంటాడు. ఈ ఇంట్లో పని ఉన్న మనిషి ఆయనొక్కడే. ఎలక్ట్రికల్ షాపులో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదివి చదివి అలిసిపోయి వస్తాడు పాపం.

మా అత్త చిన్నమ్మాళ్ సంగతి వేరు. ఆమె మాట్లాడదు. పదిమంది ముందు మా ఆయన "ఈమె సాంబారు మిల్లు క్యాంటీన్ సాంబారు" అని నవ్వినప్పుడు, పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఆ మాట తన చెవిన పడనట్టే ఉండేది. ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. కొడుకుని మందలించకపోతే పోనీ, నా వైపు ఒక చూపు చూడొచ్చు కదా. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్లు మండేది. రాయిని పెళ్లి చేసుకుని మామ, రాయికి పుట్టి మా ఆయన, బాగా కుదిరారనుకునేదాన్ని. ఇరవై ఏళ్లు ఆమెను లోలోపల చీదరించుకున్నాను, ఇందులో దాచేదేమీ లేదు.

నెలకొకసారి, మొదటి శనివారం, సంచిలో మురుకులు వేసుకుని సేత్తూరు బస్సెక్కేది. పెరుమాళ్లు మొక్కు అనేది. "ముసలామెకు బస్సు మోజు" అనేవాడు కొడుకు. ఈసారి అత్తకు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని గాయత్రి తోడు బయల్దేరింది. వద్దంటే వద్దంది అత్త. పిల్ల వినలేదు. మధ్యాహ్నానికి ఇద్దరూ తిరిగొచ్చారు. గాయత్రి చెప్పులు విప్పకుండానే నేరుగా వంటింట్లోకొచ్చింది.

"అమ్మా, ఆడ గుడి లేదు. కణ్మణి అని ఒక అవ్వ ఇల్లు. ఆయమ్మ మన అవ్వను పూంగొడీ అని పిలిచింది!"

నేను అరటిపువ్వు ఒలుస్తున్నాను. చేతులకు నూనె రాసుకున్నా వేళ్లు నల్లబడుతున్నాయి. అత్త వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఏమీ జరగనట్టు ఒక పువ్వు అందుకుంది.

"అదొక్కటే కాదమ్మా. ఆయమ్మ తెలుగామె. కోడలితో తెలుగులో మాట్లాడతాది. 'పూంగొడికి చక్కెర ఎక్కువ వెయ్యి' అని తెలుగులో చెప్పింది, అవ్వ గోడ చూస్తా కూర్చునింది. మళ్లా అదే అరవంలో చెప్తే అప్పుడు తలూపింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టి నొక్కింది. ఈడ చూడు, ఎట్లా కందిందో!"

"అవ్వకు తెలుగు రాదన్నట్టా?" అన్నాను. పుట్టినప్పటినుంచీ తెలుగు తప్ప ఇంట్లో ఇంకో మాట ఎరగని మనిషి.

అత్త అరటిపువ్వు కాడ తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. అప్పుడు నోరు విప్పింది.

"తెలుంగు తెరియాదుంగ. తెలుగు రాదండీ అని అరవంలో చెప్పిన ఆ ఒక్క మాటకే నాకు మొదలాళి ఇంట్లో పని ఇచ్చినారు."

గాయత్రి నోటుబుక్కు తెరిచింది. నేను ఒలవడం ఆపేశాను. అత్త మాత్రం ఆపలేదు. మొత్తం కథ చెప్పినంతసేపూ ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.

మొదలాళి ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పనివాళ్ల ముందు గుట్టు విషయాలు మాట్లాడుకోవాలంటే అరవం ఆపి తెలుగులోకి మారతారు. అందుకే పనికి అరవం వాళ్లనే పెట్టుకునేవారు. వంటామె కణ్మణి ఒక్కతే తెలుగుది, ఆమెను వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. ఈ సంగతి అళగిరికి తెలిసింది. పెళ్లాన్ని పూంగొడి అనే అరవ మనిషిని చేసి, అంట్లు తోమడానికి, హాలు తుడవడానికి పంపాడు. ఆయన మెదడుకి తట్టిన ఆ ఉపాయంలో పనంతా ఆమెది.

"సీక్రెట్ కోడు ఏమన్నా ఉండెనా అవ్వా?" అంది గాయత్రి, కళ్లు మెరుస్తూ.

"కోడు ఏమిటికే? హాల్లో నేల తుడస్తా వినేది. ఇంటికొచ్చి మీ తాతకు అన్నం పెడతా చెప్పేది. ఆయన తింటా వినేది."

"అప్పుడు మా నాయన?"

"వాడు చంటిబిడ్డ. చోళపురంలో మా అమ్మకాడ వదిలేసినాను. ఒక దినం పాలు పొంగి రైక తడిసిపోయె. హాల్లో మొదలాళి, ఇంకా నలుగురు మొగోళ్లు. నన్ను చూసి తెలుగులో ఒక మాట అనినారు. అందరూ నవ్వినారు." అత్త ఆగింది. ఆ మాట ఏమిటో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. "నాకు తెలుగు రాదు కదా. తుడిచేది ఆపితే తెలిసిపోతాది. ముఖం అట్లనే పెట్టుకుని సోఫాల కింద కూడా తుడిచినాను. పదకొండు నెలలు అట్లనే పెట్టుకున్నా. మళ్లా ఎంత చూసినా ఆ ముఖం పోలేదు."

నేను ఆ ముఖాన్నే ఇరవై ఏళ్లు తిట్టుకున్నాను. అరటిపువ్వు రసంతో నల్లబడిన నా వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది.

లాకౌట్ గుట్టు బయటపడ్డాక మొదలాళి ఇంట్లో విచారణ జరిగింది. ఇంట్లో తెలుగు వచ్చిన పనిమనిషి ఒక్కతే. కణ్మణిని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. ఊళ్లో ఇంకెవరూ ఆమెకు వంటపని ఇవ్వలేదు. కాపురం చెడిపోయి సేత్తూరులో అన్న ఇంటి వసారాలో పడింది.

"మీ తాత కాళ్లు పట్టుకున్నా. సంగం తరఫున ఒక్క మాట చెప్పండి, ఆమె తప్పు లేదని చెప్పండి అని. ఆయన చెయ్యి కడుక్కుంటా, 'వంటింటి సంగతి సంగానికి ఏమిటికి?' అనినాడు. పెళ్లాన్ని పంపి గెలిచినాడని తెలిస్తే పేరు పోతాదంట. అప్పటినుంచి పోతా ఉండాను సేత్తూరుకు, నెలనెలా. ఒక్క తెలుగు మాట జారితే ఆయమ్మకు అర్థమైపోతాది, తన బతుకు చెరిపింది నేనేనని. ఇప్పుడు ఆయమ్మకు కండ్లు కూడా సరిగా కనపడవు. ఎన్ని దినాలు ఉంటాదో. చెప్పాలని పోతాను, మురుకులిచ్చి వస్తాను."

గాయత్రి ఆ రోజే రాసేసింది. పుస్తకంలో రెండంటే రెండు పేరాలు. అందులో మా అత్త అసలు పేరు, కణ్మణి పేరు. నందకుమార్ చదివి మొదట నవ్వాడు. తర్వాత అత్త వైపు చూశాడు, ఆమె అదే ముఖంతో కూర్చుని ఉంది. నిజమని తెలిసిపోయింది. కన్నతల్లి తనకు పట్టాల్సిన పాలు పిండి పారేసుకుంటూ పరాయి ఇంటి నేల తుడిచిందని తెలిసిన మనిషి ఏం చేస్తాడు? మా ఆయన పెన్ను తీసి కొట్టేశాడు.

"మా అమ్మ ఒకరింట్లో అంట్లు తోమిందని అచ్చు వేయిస్తావా? నలుగురిలో నా మర్యాద ఏమి కావాల? చెప్పింది ఆమె అయినా, చేసింది మా నాయన కదా."

"ఆ కణ్మణి అవ్వ పేరన్నా ఉంచుదాము నాయనా."

"వంటింటి సంగతి సంగం పుస్తకంలో ఏమిటికి?"

తండ్రి వాక్యం కొడుక్కి అక్షరం పొల్లుపోకుండా ఆస్తిలా వచ్చింది. నేర్పించకుండానే వచ్చింది. ఆ క్షణంలో నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్త గౌరవం ఉండాలి. ఈ మనిషికి భయపడి నేను సాంబారులో ఉప్పు మూడుసార్లు రుచి చూసేదాన్నా అనిపించింది.

ఆదివారం వచ్చింది. సభ అయ్యాక అరవై మంది భోజనానికి ఇంటికి వస్తారని, పులిహోర, వడ, పాయసం తయారుగా ఉండాలని, మధ్యలో పదకొండుకి అత్తను పట్టుచీర కట్టించి స్టేజీ మీదికి తీసుకురావాలని చెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్లిపోయాడు. "అమ్మకు శాలువా కప్పుతారు. ఊరికే కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడనక్కర లేదు" అన్నాడు వెళుతూ.

అత్త పట్టుచీర కట్టుకుంది. అద్దంలో చూసుకుంది. నా దగ్గరికి వచ్చి, నానిన మినప్పప్పు గిన్నె వైపు చూస్తూ, "పరమేశ్వరీ, నేను సేత్తూరుకు పోతానమ్మా" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

గ్రైండర్ స్విచ్ మీద చెయ్యి వేసి ఉన్నాను. ఆ చెయ్యి తీసేశాను. పప్పు నీళ్లలోనే వదిలేసి, ఇంటికి తాళం వేసి, ముగ్గురం బస్సెక్కాం.

కణ్మణి వసారాలో చిక్కుడుకాయలు వలుస్తోంది. అడుగుల చప్పుడు విని, "వా పూంగొడి" అని అరవంలోనే పిలిచింది. అత్త ఆమె ముందు నేల మీద కూర్చుంది. మోకాళ్లు నొప్పి, అయినా కూర్చుంది. గాయత్రి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కణ్మణీ, నేను పూంగొడి కాదు. నా పేరు చిన్నమ్మాళ్. సంగం అళగిరి పెండ్లాన్ని. నాకు తెలుగు వచ్చు. ఆ దినం చెప్పింది నేనే."

కణ్మణి వేళ్లు చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన వేశాయి.

"తెలుసు" అంది తెలుగులో.

కణ్మణి ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"నువ్వు పనిలో చేరిన రెండో దినమే తెలుసు. నూనె చట్టి ఒరిగింది. చెయ్యి తియ్యవే అని తెలుగులో అరిచినాను. తీసినావు. అరవం మనిషైతే చెయ్యి కాలుంటాది."

"మరి మొదలాళి అడిగినపుడు ఏమిటికి చెప్పలేదు? నిన్ను ఈడ్చినారు కదా!"

"నీ రైక తడిసిండె. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉండాదని తెలిసె. నన్నైతే పనిలోంచి తీసిరి. నిన్ను ప్రాణంతో వదిలింటారా? ఆ బిడ్డ ఏమి కావాల?" కణ్మణి చెయ్యి చాచి తడుముతూ అత్త చెంప పట్టుకుంది. "నువ్వు చెప్తావని ఇన్నేండ్లు చూస్తినే. ఏమే, ఒక్క మాటకు నలభై ఏడేండ్లా?"

అత్త ముఖం కదిలింది. ముందు పెదవి, తర్వాత గడ్డం, తర్వాత అంతా. చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది, తెలుగులో ఏడ్చింది, అమ్మా అమ్మా అంటూ. నేనూ ఏడ్చాను.

అప్పుడే నా ఫోను మోగింది. ఆ బిడ్డే. మనసారా పచ్చబటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"యాడ ఉండావే? అరవై మంది వచ్చి వాకిట్లో నిలబడినారు, ఇంటికి తాళం ఉండాది! స్టేజీ మీద అమ్మ కుర్చీ ఖాళీ! వంట ఏమాయె? నోరు లేదా నీకు? మాట్లాడు!"

అత్త వైపు చూశాను. కళ్లు తుడుచుకుని, ఏమంటానా అని నా వైపే చూస్తోంది. నా ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా, చాలా మర్యాదగా చెప్పాను.

"తెలుంగు తెరియాదుంగ."