గురువారం కోరపళ్ళు

స్పిరిట్ దీపం మీద సన్నకత్తి వేడిచేసి, కట్టుడుపళ్ళ సెట్టులో పై వరస కోరపన్ను పక్కన పేరుకున్న మైనాన్ని నునుపు చేస్తున్నాడు పళ్ళ మేస్త్రి. పళ్ళాసుపత్రి వెనకగదిలో ముప్పయ్యేళ్ళుగా ఇదే పని. గోళ్ళ సందుల్లో తెల్లటి ప్లాస్టర్ పొడి, చొక్కా జేబు మీద గులాబిరంగు మరకలు. ఆ పనిలో ఒక తిరకాసుంది. ఎంత బాగా చేస్తే అంతగా ఎవరి కంటా పడదు. కట్టించుకున్నవాళ్ళు అవి సొంతపళ్ళేనని చెప్పుకు తిరుగుతారు. మేస్త్రి కూడా ఆ పళ్ళలాంటి మనిషే. ఉన్నాడంటే ఉన్నాడు.

అలాంటి మనిషిని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గుర్తించింది. "గురువారం మధ్యాహ్నం సెలవు కదా, ఏం చేస్తారు బాబాయ్ గారూ?" అని చేరిన వారంలోనే అడిగింది. లైబ్రరీకి వెళ్తానని నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు. "అనుకున్నాను. మీ ముఖంలోనే చదువు కనిపిస్తుంది" అందామె. ముప్పయ్యేళ్ళలో అతని ముఖంలో ఏదైనా కనిపించిందన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ మాటని భద్రంగా దాచుకున్నాడు.

నిజానికి గురువారాలు ఆపరేటర్ గదిలో గడిచేవి. ఆపరేటర్ ఒకప్పుడు సినిమాహాల్లో బొమ్మ ఆడించేవాడు. హాలు మూతపడ్డాక ఎవరికీ పట్టని దెయ్యాల సినిమాల డిస్కులు ఒక అట్టపెట్టెలో వెంట తెచ్చుకున్నాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అవే చూస్తున్నారు. వాటిలో గబ్బిలానికి కట్టిన దారం కనబడుతుంది. తెల్లచీర దెయ్యం చేతికి గడియారం ఉంటుంది. శవం పొట్ట కదిలితే చాలు, "పీల్చాడు, పీల్చాడు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవారు. ఒక సినిమాలో రక్తపిశాచికి కొవ్వొత్తి మైనంతో చెక్కిన కోరలు పెట్టారు. ఊడిపోతాయన్న భయంతో పాపం ఆ నటుడు మాటమాటకీ వాటిని నాలుకతో అదుముకుంటున్నాడు. అవి ఎవడో రాత్రంతా కూర్చుని చెక్కి ఉంటాడని మేస్త్రికి తెలిసిపోయింది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. చేసినవాడి చెయ్యి అంత నిస్సిగ్గుగా కనబడే పని అతను మరెక్కడా చూడలేదు.

ఇవాళ గురువారం. పొద్దున ఆపరేటర్ తన కొత్త సెట్టు చూసుకోవడానికి వచ్చాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. మైనం మీద నిలబెట్టిన పళ్ళు పెట్టించుకుని, అద్దంలో చూసుకుంటూ పెదాలు పైకెత్తి గుర్రుమన్నాడు.

"కోరలు ఓ బియ్యపుగింజంత పెంచితే నీ సొమ్మేం పోయింది మేస్త్రీ? మధ్యాహ్నం సినిమాలో దెయ్యం నన్ను చూసి జడుసుకోవాలి."

డాక్టరమ్మ నవ్వింది. "ఏం సినిమా తాతగారూ? మా బాబాయ్ గారు కూడా చూస్తారా?"

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. "నేనా? భలేవారే డాక్టరమ్మా. ఆ చెత్త ఎవడు చూస్తాడు? పెద్దాయన నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నాడు."

ఆపరేటర్ అద్దంలోంచే అతన్ని ఒక్క క్షణం చూశాడు. పళ్ళు జాగ్రత్తగా తీసి చేతికిచ్చాడు. "అవునమ్మా. వయసైపోయింది కదా, మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నాను" అన్నాడు. బోసినోటితో నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. తన అబద్ధానికి ముసలాయన కాపు కాశాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఆ గదికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి నిజంగానే లైబ్రరీకి వెళ్ళి, ఎవరో వదిలేసిన పేపరు ముందేసుకుని గంటసేపు కూర్చున్నాడు. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. కూర్చున్నకొద్దీ తనమీద తనకే అసహ్యం పెరిగింది. చివరికి లేచి, ఖాళీగా ఉన్న ఆసుపత్రి తాళం తీశాడు. కత్తి వేడిచేసి మైనంలోంచి రెండు కోరపళ్ళు పీకి, పొడుగైనవి ఎంచి నిలబెట్టాడు. మైనం కరిగించేసి, దాని చోట గులాబిరంగు ప్లాస్టిక్ ముద్ద నింపి, అచ్చులో బిగించి ఉడికించాడు, చల్లార్చాడు, అరగదీశాడు, మెరుగు పెట్టాడు. పొద్దువాలే వేళకి చేతిరుమాల్లో చుట్టుకుని బయల్దేరాడు. ఏం చెప్పాలో తెలియదు. పళ్ళు చూస్తే ముసలాయనే నవ్వేస్తాడు, అంతే.

ఆపరేటర్ గది ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

లోపల మంచం మీద ఆపరేటర్ని పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పారు. టీవీ ఇంకా వెలుగుతూనే ఉంది. సినిమా పేరు దగ్గరే ఆగి ఉంది. మంచం పక్కన నిలబడ్డ ఆవిడ పెద్దాయన మేనకోడలట. ఊళ్ళో ఇంకో చివరినుంచి వచ్చింది.

"మూడింటికి పక్కింటావిడ పిలిస్తే పలకలేదటండీ. కుర్చీలోనే పోయాడు. సినిమా ఇంకా పెట్టలేదేమని అంతకుముందు ఆవిడ అడిగితే, మనిషి రావాలి అన్నాడట. మీరు?"

"పళ్ళు చేస్తానండీ. ఈయన పళ్ళు తెచ్చాను."

"పెట్టేయండి బాబూ. నోరు లోపలికి పోయి మా మామయ్యలా లేడు."

మేస్త్రి రుమాలు విప్పబోయి ఆగాడు. కళ్ళు ఆ దుప్పటి మీద, పొట్ట దగ్గర నిలిచిపోయాయి. ఒక్కసారి కదిలితే చాలనుకున్నాడు. చాలాసేపు చూశాడు. కదల్లేదు.

"ఇవి పెట్టకూడదమ్మా" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినబడింది. "కోరలు పొడుగ్గా చేశాను. ఆయనే అడిగాడు. మేమిద్దరం ఇక్కడ కూర్చుని దెయ్యాల సినిమాలు చూసేవాళ్ళం, ప్రతి గురువారం. రావాల్సిన మనిషిని నేనే. పొద్దున మా డాక్టరమ్మ ముందు ఈయనెవరో ఎరగనట్టు మాట్లాడాను, అందుకే రాలేకపోయాను."

మేనకోడలు రుమాల్లోకి తొంగిచూసింది. ఏడుపు మధ్యలో ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కూర్చోండి" అంటూ టీవీ ఎదురుగా ఖాళీగా ఉన్న రెండో కుర్చీ చూపించింది. "మీకోసమే వేశాడు కదా."

మేస్త్రి కూర్చోలేకపోయాడు. రుమాలు కుర్చీలో పెట్టి, మడతలు విప్పి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. టీవీకి ఎదురుగా ఆ కుర్చీలో గులాబిరంగు చిగుళ్ళతో కొత్త పళ్ళ సెట్టు ఉండిపోయింది, కోరలు రెండూ ఓ బియ్యపుగింజంత పొడుగ్గా.