అట్ట మీది గోపమ్మ

బియ్యం కడిగిన నీళ్లు కుడితిలో పోస్తుంటే వెనక నుంచి మా ఆయన పర్వతాలు, "అండాలూ, జర గా వడిసెల తీసెయ్యరాదే" అన్నాడు.

వడిసెల గోపమ్మ చేతిలోది. గోపమ్మ మా పుట్టింటి ఊరు కేతేపల్లి మనిషి. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు బురుజెక్కి ఆ వడిసెలతోనే రాళ్లు రువ్వింది. మా ఆయన పత్రిక కొత్త సంచిక అట్ట కోసం ఆమెనే చెక్క మీద చెక్కుతున్నాను.

భువనగిరిలో మా ముందు గదే అచ్చాఫీసు. అట్ట బొమ్మలన్నీ వంటకూ అంట్లకూ నడుమ నేనే చెక్కుతాను. మా నాయిన తలుపుల మీద పూలు చెక్కేవాడు, ఉలి పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అయినా ప్రతి అట్టకూ కింది మూలన 'చిత్రం: పర్వతాలు' అని నా చేత్తోనే చెక్కాలి. "ఆడిదాని పేరుంటే ఎవడు కొంటడే" అన్నాడు మొదటిసారే. అలాగే చెక్కాను.

"పోలీస్ యాక్షన్ అయి ఏడాదైనా మిలిటరీ క్యాంపు లేవలేదు. దొరలింట్ల చదవాలె, దుకాణంల కొనాలె. అందరికి నచ్చాలంటే ఎవ్వరికి అడ్డమనిపించేది ఉండద్దు" అన్నాడు.

వడిసెల తీసేశాను. చెక్కలో తీసిన చోటు కాగితం మీద తెల్లగా వస్తుంది, మళ్లీ అతికించలేం. మర్నాడు మా అత్త అమృతమ్మ వంగి చూసి, "గోచి కట్టు పెట్టినవేందే? పెద్దిండ్లోళ్లు నవ్వుతరు" అంది. ఆ కుచ్చెళ్లూ పోయాయి. సాయంత్రం మా ఆయనకు గోపమ్మ ముఖం మీది ముడతలు నచ్చలేదు. నుదురు, చెంపలు నున్నగా చేశాను. పిల్ల ఏడ్చినప్పుడల్లా ఉలి దించి, పాలిచ్చి, మళ్లీ పట్టాను.

అచ్చు తీసి చూస్తే నాకే సిగ్గేసింది. వట్టి చెయ్యి ఎత్తుకుని ఎవరో నున్నటి మనిషి నిలబడి ఉంది. బురుజు మీద మా అందరి ప్రాణాలూ కాసిన గోపమ్మను నేనే, ఎవరేమంటే అది వింటూ, చెక్కుకుంటూ పోయాను. పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను నేను కూడా ఇలాగే చెక్కుకుంటున్నాను. ఆ కాగితం మీద నల్లగా, నిండుగా కనబడుతున్నది కింది మూలన ఉన్న ఆయన పేరొక్కటే.

"మంచిగుంది. ఇంక జర నవ్వించు" అన్నాడు.

"నవ్వించనీకి ఆడ చెక్క మిగల్లేదు" అన్నాను.

"మరి గిట్లనే అచ్చు కొడదాం. ఎవ్వరికి అడ్డం లేదు."

చెక్కను ఒళ్లోకి లాక్కుని ఉలిని కింది మూలన ఆనించాను. ఆయన గబుక్కున ముందుకొచ్చాడు. "ఏయ్, గది నా పేరు! దాన్నెందుకు ముట్టుకుంటవ్?"

"అందరికి నచ్చాలంటివి గద" అన్నాను. "గా అందరిల నేను లేనా?"

పేరు పొట్టుగా రాలింది. ఒళ్లు దులుపుకుని, గోడకు ఆనించి ఉన్న కొత్త చెక్క తీసి, ముందుగా వడిసెల గీశాను.