వంకర కాలర్

మా ఆయన, అదే మా బావ, నోటి దురుసు తెలియనివాళ్లు మా వీధిలో లేరు. మా టైలరు షాపులో ముందు బల్ల దగ్గర ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, వెనక గదిలో నేను కుడతాను. పెళ్లయిన నాటి నుంచి నా కుట్టును ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు. "ఈ కుట్టు ఎక్కడికే పోతోంది, పుట్టింటికా?" అంటాడు. నేనూ తక్కువ తినలేదు లెండి.

అలాంటి మనిషికి చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చింది. దేవుడి దయవల్ల తూలుడు తగ్గింది, నడక కుదిరింది, చెయ్యి మళ్లీ కత్తెర పట్టింది. కానీ ఏం కుట్టి చూపించినా "బాగుంది" అనడం మొదలుపెట్టాడు. అన్నయ్య ఇన్నాళ్లకు మంచివాడయ్యాడని మా ఆడపడుచు సంబరపడింది. నాకు మాత్రం ఆ మాట ఎవరో పరాయివాడు అన్నట్టుండేది. మనిషి ఇంటికొచ్చాడు కానీ మా బావ రాలేదు.

డాక్టరమ్మ మెదడులో రక్తం పారే తీరు చూపించే స్కాన్ తీయించింది. దెబ్బ తగిలింది వెనక ఎడమవైపు, చిన్నమెదడుకు. ముందు కుడివైపు కూడా రంగు వెలిసిపోయి కనిపించింది. జబ్బు అక్కడికీ పాకిందా అని డాక్టరమ్మను అడిగాను.

"అక్కడ దెబ్బేం లేదమ్మా. వెనక నుంచి రావలసిన కబురు రాక, తప్పొప్పులు ఎంచే ముందు భాగం పని తగ్గించుకుంది. పని తగ్గిన చోటికి రక్తమూ తక్కువే వెళ్తుంది. మెల్లగా తేరుకోవచ్చు, మాట మాత్రం ఇవ్వలేను," అంది.

నాకు మా షాపే గుర్తొచ్చింది. నేను జ్వరమొచ్చి పడుకుంటే, గుండ్రాయిలా ఉన్న ఈయన కత్తెర ముట్టకుండా కూర్చునేవాడు. కుట్టేది లేనప్పుడు కత్తిరించి ఏం చేసుకోను అనేవాడు. నేను లేచి మిషను తొక్కితే కత్తెర దానంతటదే ఆడేది.

ఎప్పటికైనా తిట్టకపోతాడా అన్న ఆశతో రోజూ ఒక కాలర్ కావాలని వంకరగా కుట్టి ఆయన ముందు పెట్టేదాన్ని. "బాగుంది" అనేవాడు. లోపలికొచ్చి కళ్లు తుడుచుకుని, విప్పి సరిగ్గా కుట్టేదాన్ని.

నిన్న పని ఎక్కువై ఆ వేషాలేవీ వెయ్యలేదు. తిన్నగా కుట్టిన చొక్కానే ఇచ్చాను. బావ కాలర్ తిప్పి చూశాడు, వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఏమే, దీనికీ స్ట్రోక్ వచ్చిందా? ఇటు తూలుతోంది."

చూస్తే నిజంగానే వెంట్రుకవాసి వంకర. నా కంటికి ఆనలేదు, ఆయన కంటికి ఆనింది. డాక్టరమ్మకు, దేవుడికి, ఆ పాడు కాలర్‌కు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"ఏడుపెందుకు, విప్పి కుట్టు," అన్నాడు బావ.

అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ కుట్టూ విప్పలేదు.