ఎర్ర కొమ్మ

నేను ఒక కలంకారీ గుడ్డను. మనిషికంటే పొడుగు, రెండు బారల వెడల్పు. నా మీద ఒక చెట్టుంది. దాని మొదట్లో నోవహు బారెడు గడ్డంతో కూర్చుని ఉంటాడు. జలప్రళయం తగ్గాక భూమ్మీద మిగిలింది ఆయన కుటుంబం ఒక్కటే కాబట్టి, లోకంలోని జాతులన్నీ ఆయన ముగ్గురు కొడుకుల నుంచే పుట్టాయని బైబిలు చెబుతుంది. షేము, హాము, యాపెతు. వాళ్ళు నా మూడు కొమ్మలు. ఆ కొమ్మల నిండా కొడుకుల పేర్లు, మనవళ్ళ పేర్లు, వాళ్ళ పేరిట వెలసిన దేశాల పేర్లు. మనుషులంతా ఒక్క తండ్రి బిడ్డలేనని చెప్పడానికే నన్ను చేయించారు. నేను చెప్పింది మాత్రం వేరు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మడతల్లోనే ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

నన్ను గీసినవాడు స్వర్ణముఖి ఒడ్డున ఉండే మునిచెంగయ్య. కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఎండబెట్టి, వెదురు కలంతో గీతలు గీశాడు. అంతకుముందు ఆయన రామాయణం, భారతం తప్ప మరొకటి వేసి ఎరగడు. నన్ను వేయించుకోవడానికి వచ్చినవారు రత్నశిఖామణి గారు, దగ్గర్లోని ఒక ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. ఆయన పేర్లన్నీ ఓపిగ్గా చదివి వినిపించి, మాటల మధ్య, షేము వంశంలో యేసు పుడతాడని, హాము ఇంటికి ఒక శాపం తగిలిందని కూడా అన్నారు. మునిచెంగయ్య అంతకుమించి అడగలేదు. వాళ్ళ పనిలో దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళకు పసుపు, రాక్షసులకు ఎరుపు. తాతల నాటి పద్ధతి. యేసు పుట్టబోయేది షేము వంశంలో కాబట్టి ఆ కొమ్మకు నీలం వేశాడు. శాపం తగిలిన హాము కొమ్మకు ఎరుపు. మిగిలిన పసుపు యాపెతుకు దక్కింది. చేతి అలవాటు ఊరుకోదు కదా, హాము కొడుకులకు కోరమీసాలు కూడా దిద్దాడు. ఏట్లో నన్ను జాడించి ఎండకు పరిచి, చూడవచ్చిన ఉపదేశి గారితో “వందేళ్ళయినా ఈ ఎరుపు పోదు సామీ” అని మురిసిపోయాడు. నేనూ మురిశాను. సిగ్గులేనిదాన్ని.

ఉపదేశి గారు నన్ను చూసి కాసేపు నసిగారు. ఆ శాపం దేవుడి నోట వచ్చింది కాదు, ద్రాక్షారసం మత్తులోంచి లేచిన నోవహు కోపంలో అన్నది. అదీ హామును కాదు, అతని నలుగురు కొడుకుల్లో ఒకడైన కనానును. ఇదంతా ఆయనకు తెలుసు. కానీ ఆయన నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోరు. పనివాడు కష్టపడ్డాడు, పండుగ దగ్గరపడింది అనుకుంటూ నన్ను చుట్టి చంకన పెట్టుకున్నారు.

ఆ చర్చికి రెండు చోట్ల నుంచి జనం వచ్చేవారు. పొలాలున్న పెద్దవీధి వాళ్ళు, ఆ పొలాల్లో కూలికి పోయే పేట వాళ్ళు. దేవుడు ఒక్కడే, పాట ఒక్కటే. కూర్చునే చాపలు మాత్రం వేరు. నన్ను గోడకు వేలాడదీసిన ఆదివారమే పెద్దవీధి సంఘపెద్ద లేచి, తాము ఏ కొమ్మవాళ్ళమని అడిగాడు. తెలుగువాళ్ళ పేరు నా మీద ఎక్కడా లేదు. అయినా ఉపదేశి గారు నవ్వి, షేము కొమ్మే అయివుండొచ్చు అన్నారు. రుజువు అడిగినవాడు లేడు. మంచి కొమ్మ దొరికితే మనుషులు రుజువులు అడగరు. పేటవాళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు. పెద్దవీధి వాళ్ళే ఎర్ర కొమ్మను చూసి, వెనక చాపల వైపు చూసి, సంగతి తేల్చేశారు.

క్రిస్మస్ నాటకానికి పిల్లల్ని ఎంచే రోజు వచ్చింది. పేట నుంచి వచ్చే సలోమికి మరియమ్మ పాటలన్నీ కంఠతా వచ్చు. ఆ పిల్ల పాడుతుంటే పెద్దవీధి ఆడవాళ్ళు కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. మరియమ్మ వేషం తనదేనని నమ్మింది. ఉపదేశి గారు సంఘపెద్ద ముఖంలోకి ఒకసారి చూసి, మెత్తగా అన్నారు.

“మరియమ్మది నీలం కొమ్మ తల్లీ. నువ్వు గొర్రెల కాపర్లలో నిలబడు.”

మర్నాడు చర్చిలో ఎవరూ లేనప్పుడు సలోమి చెంబుతో నీళ్ళు, కుంకుడుకాయలు తెచ్చుకుంది. బల్ల ఎక్కి నా ఎర్ర కొమ్మను రుద్దడం మొదలుపెట్టింది. చేతికి అందింది కనాను ముఖం. ఊడవడానికి వచ్చిన తల్లి దీవెనమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏం చేస్తా ఉండావే?”

“ఈ ఎరుపు పోతే నాకు మరియమ్మ ఏసం ఇస్తారు గదమ్మా?”

తల్లి కోప్పడుతుందనుకున్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగు తడిపి, కూతురి పక్కన నిలబడి తనూ రుద్దింది. నా నూలు పోగులు లేచాయి. రంగు మాత్రం కదల్లేదు. నా పుట్టుకలో ఏది చూసుకుని మురిశానో అదే నన్ను ఆ తల్లీబిడ్డల ముందు రాయిని చేసింది. వాళ్ళు అలసిపోయి, నేల మీద నీళ్ళు తుడిచి వెళ్ళిపోయారు.

క్రిస్మస్ ఉదయం నాటకానికి ముందు యేసు వంశావళి చదవడం ఆ చర్చి ఆనవాయితీ. పేర్ల వరస మొదలవగానే అందరూ ఆవలిస్తారు. ఉపదేశి గారు గడగడా చదువుతూ రాహాబు పేరు దగ్గర టక్కున ఆగిపోయారు. రాహాబు యెరికోలో పుట్టిన కనాను వంశపు స్త్రీ. దావీదు రాజుకూ, మరియమ్మ భర్త యోసేపుకూ ఆమె తరాల వెనకటి అవ్వ. నా ఎర్ర కొమ్మ ఆడపడుచు నీలం కొమ్మ ఇంటికి కోడలై వెళ్ళింది. ఆ నీలంలో ఎరుపు ఎప్పుడో కలిసిపోయింది. ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత నాటకం పిల్లలతో ముందు వరసలో కాపరి గొంగడి కప్పుకుని కూర్చున్న సలోమిని చూశారు. ఆ పిల్ల ఆయన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. నేను ఆ మాట కోసం గోడ మీద ఊపిరి బిగబట్టాను.

ఆయన దగ్గి, తర్వాతి పేరు చదివారు.

పండుగ వెళ్ళాక నన్ను దించేశారు. పాతబడిందని చెప్పారట. నన్ను దాచారే గానీ, తప్పు జరిగిందని ఎవరికీ చెప్పలేదు. ఆయన ఇనప్పెట్టెలో చాలాకాలం పడి ఉన్నాను. సలోమి ఏమైందో నాకు తెలియదు. తర్వాత ఆయన మనవళ్ళు నన్ను పట్నంలో ఒక మ్యూజియానికి ఇచ్చేశారు.

ఇక్కడ అద్దం వెనక చల్లగానే ఉంది. వచ్చినవాళ్ళు నా ఎరుపును చూసి అబ్బురపడతారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది. కింద చీటీ మీద ఇలా రాశారు: “సహజ రంగులు నేటికీ చెక్కుచెదరలేదు. ఒకచోట మాత్రం రాపిడికి గుడ్డ చిరిగింది.”

కనాను ముఖం ఉండాల్సిన చోట అది. ఆ తల్లీబిడ్డలు రుద్దినప్పుడు లేచిన పోగులే పెట్టెలో చివికి తెగిపోయాయి. బాగు చేయించాలని నిన్న ఎవరో అనుకుంటున్నారు. బాబ్బాబు, దాన్ని మాత్రం ముట్టుకోకండి. నా ఒంటి మీద నేను సిగ్గుపడనిది ఆ చిరుగు ఒక్కటే.