చెల్లని పెళ్ళికి సాక్షి

తప్పయిపోయింది అనే మాట టైలరమ్మ నోట విన్నవాళ్ళు లేరు. గౌను బిగుతైతే వేసుకున్నావిడ లావెక్కినట్టు. కూతురి పెళ్ళి మూడేళ్ళకే పెటాకులైతే కాలం చెడినట్టు. "దానికి ఇష్టమయ్యే చేసుకుంది," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

కోర్టు విడాకులిచ్చి రెండేళ్ళయింది. కూతురికి ఇప్పుడు మనసుకు నచ్చినవాడు దొరికాడు, బస్సు డ్రైవరు. రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలతో పోయేదానికి, చర్చిలోనే చేసుకుంటానని ఆ పిల్ల పట్టుపట్టింది. చర్చి లెక్కలో పాత మొగుడు ఇంకా మొగుడే. ఆ పెళ్ళి మొదట్నుంచీ చెల్లలేదని చర్చి విచారణలో తేలితేనే ఇంకో పెళ్ళి. అందుకు సాక్షి కావాలి. సాక్షి ఇంకెవరు, టైలరమ్మే.

గది చిన్నది. ఫాదర్ అడుగుతారు, గుమాస్తా టైపు చేస్తాడు. కూతురు బయట బల్ల మీద కూర్చుంది. టైలరమ్మ సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

"అమ్మాయి ఇష్టపడే ఒప్పుకుందా అమ్మా?"

"మా కాలంలో ఇవన్నీ ఎవరడిగారు ఫాదర్? పెద్దలు కుదిర్చారు, మీవాళ్ళు దీవించారు. దేవుడు ముడి వేశాడు, సర్దుకోండి అన్నారు. సర్దుకున్నాం."

"ఇష్టం లేకుండా చేసిన పెళ్ళి చెల్లదన్న నియమం అప్పుడూ ఉందమ్మా. అడిగేవాళ్ళే తక్కువ."

"ఇప్పుడు మీకు తీరిక ఎక్కువైంది."

ఇదీ టైపు చెయ్యాలా అన్నట్టు గుమాస్తా చూశాడు. వద్దని ఫాదర్ తల అడ్డంగా ఊపారు.

"కొంచెం వెనకాడింది లెండి. కొంచెం నచ్చజెప్పాను. ఏ తల్లి చెప్పదు?"

గుమాస్తా ఆ ముక్క చదివి వినిపించి, సంతకానికి కాగితం జరిపాడు. టైలరమ్మ పెన్ను తీసుకుంది. ఇంచుమించు ఎప్పుడూ చెప్పే మాటే, కాగితం మీద ఇంకోసారి చదువుకుంది. ఈ సంతకం పెడితే తన పరువు దక్కుతుంది, పిల్ల పెళ్ళి ఆగిపోతుంది.

"ఆ 'కొంచెం' తీసేయండి," అంది.

"ఏ కొంచెం?"

"రెండూ. నచ్చజెప్పడం కూడా కాదు. వద్దమ్మా అని నా కాళ్ళు పట్టుకుంది. పెళ్ళి ఆపితే ఉరేసుకుంటానన్నాను. తాడు కూడా తెచ్చి చూపించాను."

గుమాస్తా మిషన్లో కొత్త కాగితం ఎక్కించాడు.

"అప్పుడు అమ్మాయి ఏమంది?"

"ఏమీ అనలేదు ఫాదర్. పెళ్ళి గౌనుకు కొలతలు తియ్యాలి, చేతులెత్తమన్నాను. ఎత్తింది."