పసుపు పూసిన నట్టు

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. పొద్దున్నుంచి అది ఎన్నోసారో లెక్కపెట్టడం కాళమ్మ మానేసింది. ఆ పాత పికప్ బండి మొహం చూడబుద్ధి కావడం లేదామెకు.

బండి వెనక ఆరు వల సంచుల నిండా పట్టుగూళ్ళున్నాయి. వేళకు ఇంత ముద్ద నోట పెట్టుకోకుండా, ఇరవై ఆరు రోజులు పురుగులకు ఆకు కోసి మేపితే వచ్చిన పంట అది. గూళ్ళు కట్టి ఇది ఎనిమిదో రోజు. ఈ పూట హోసూరులో వేలానికి చేరాలి. రేపు మార్కెట్టుకు సెలవు. ఎల్లుండికల్లా లోపలి పురుగు రెక్కల చిలకై గూటికి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. చిల్లు పడ్డ గూడు దారానికి పనికిరాదు, దిబ్బలో పొయ్యడమే.

ఈ పీడ ఆయుధపూజ మర్నాడు పట్టుకుంది. కెలమంగలం మెకానిక్కు ముత్తు సెల్ఫ్ మోటారు విప్పి కట్టాడు, బ్యాటరీ మార్పించాడు, చివరికి బండికి వయసైపోయిందని చేతులు తుడుచుకుని పోయాడు. మూడు వారాలుగా తోసి తోసి స్టార్ట్ చేస్తున్నారు. మొదట్లో పిలవకుండానే వచ్చిన ఇరుగుపొరుగు, ఇప్పుడు ఆమె మొగుడు హనుమంతప్ప చేతిలో తాళం కనిపిస్తే చాలు, సందు మార్చి పోతున్నారు. ఇవాళ ఎవరొచ్చినా లాభం లేదు. రాత్రి వానకు వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఇంజను లాగాలే గాని మనుషుల వల్ల కాదు.

నిన్ననే ఈశ్వరప్ప టెంపోలో వేసి పంపుదామంది కాళమ్మ. సొంత బండి వాకిట్లో పెట్టుకుని ఇంకొకరి బండెక్కితే ఊరు నవ్వుతుందన్నాడు హనుమంతప్ప. తీరా చూస్తే ఊరు నవ్వడానికైనా దగ్గరికి రావడం లేదు. ఈశ్వరప్ప టెంపో తెల్లారే కావేరిపట్టణం పోయింది. తూ, ఏం పరువో ఏం బతుకో అనుకుందామె.

సంచిలోంచి ఒక గూడు తీసి చెవి దగ్గర ఊపింది. లోపల పురుగు గలగలమంది. ఇంకా చిలక కాలేదు.

ఇక మొగుణ్ణి నమ్ముకుంటే అయ్యే పని కాదని తనే బానెట్ ఎత్తింది. పొలంలో బోరు మోటారు మొరాయించినప్పుడల్లా కొబ్బరికాయ కొట్టేది ఆయన, వైరు ఎక్కడ కాలుతోందో వెతికేది ఈమె. ఎక్కడ అతుకు సరిగ్గా లేదో అక్కడ వేడెక్కుతుంది, అంతమాత్రం తెలుసు. ఆయన్ని తాళం తిప్పుతూ ఉండమని బ్యాటరీ వైర్లను ఒక్కొక్కటే తడిమి చూసింది. ఎర్ర వైరు చల్లగా ఉంది. బండి చట్రానికి బిగించిన నల్ల ఎర్తు వైరు దగ్గర వేలు చురుక్కుమంది.

"ఈ నట్టు విప్పయ్యా," అంది.

హనుమంతప్ప నసిగాడు. "దాన్ని నేనే బిగించినాను మే. పూజనాడు అన్నీ విప్పి కడిగి, ఒక్క నట్టు కూడా ఇడవకుండా పసుపు గంధం పూసినాను."

విప్పాడు. వైరు కొసకూ చట్రానికీ నడుమ పసుపూ గంధం గట్టకట్టుకుని ఉన్నాయి, అంచున పచ్చటి చిలుము. ఇక కరెంటు పారేదెట్లా? ముత్తు కూడా ఆ బొట్టును చూసి కళ్ళకద్దుకున్నాడే గాని విప్పి చూసిన పాపాన పోలేదు. భక్తి ముదిరితే ఇంతే. కాళమ్మ పక్కకు తిరిగి ఉమ్మేసింది. నడుముకు దోపుకున్న ఆకు కొడవలి తీసి, ఇనుము తెల్లగా తేలేదాకా గీకింది.

మళ్ళీ బిగించి తాళం తిప్పితే ఒక్క పట్టుకే ఇంజను అందుకుంది. చక్రాలు రెండుసార్లు జారి, బురద చిమ్మి గట్టెక్కాయి.

హనుమంతప్ప మొహం విప్పారింది. ఇంజను ఆపకుండానే దిగి, జేబులోంచి కుంకుమ పొట్లం తీసి బానెట్ వైపు నడిచాడు. కాళమ్మ మణికట్టు పట్టుకుని ఆపింది.

"పూజనాడు ఈ బండికి ఒక్క నట్టు కూడా ఇడవకుండా పెట్టినావే. ఇరవై ఆరు దినాలు ఆకు కోసిన నా కొడవలికి ఆ పొద్దు ఒక్క బొట్టన్నా పెట్టినావా?"

ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కాళమ్మ కొడవలి అంచుకంటిన పసుపును కొంగుతో తుడిచి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. హోసూరు చేరేదాకా ఆయన వైపు చూడలేదు.